ఆర్‌ఎస్‌ఎస్ ఫీడ్లు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఇల్లు గుంటూరు బ్రాడీపేటలో, ఉద్యోగం విజయవాడ గవర్నర్‌పేటలో. రోజూ రైల్లో వెళ్లొస్తుంటాను. ఫోన్లో ఆర్‌ఎస్‌ఎస్ ఫీడ్ల ద్వారా నేను చదివేది చూసి పక్క సీటువాళ్లు "ఇదేం యాప్ అండీ, ఒక్క ప్రకటన కూడా లేదు?" అని అడుగుతుంటారు. చెప్పడం మొదలుపెడితే మంగళగిరి వచ్చేసరికి సగం కూడా పూర్తికాదు. ఆ తర్వాత వాట్సాప్‌లో మళ్లీ అవే సందేహాలు. ఒక్కొక్కరికీ విడివిడిగా టైపు చేసిన జవాబులన్నీ ఇక్కడ ఒకచోట పెడుతున్నాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోవచ్చు, వరసగా చదవక్కర్లేదు.

## మొదలుపెట్టే ముందు

అసలు ఫీడ్ అంటే ఏమిటి? రెండు ముక్కల్లో చెప్పండి.

వెబ్‌సైటు తనలో కొత్తగా వచ్చినవాటి జాబితాను ఒక ఫైల్లో రాసి పెడుతుంది. అందులో శీర్షిక, లింకు, తేదీ, కొంత సారాంశం ఉంటాయి. కొన్నిసార్లు వ్యాసం మొత్తం ఉంటుంది. ఆ ఫైలే ఫీడ్. రీడర్ అనే యాప్ అప్పుడప్పుడూ వెళ్లి ఆ ఫైలు చూసి, కొత్తది కనిపిస్తే తెచ్చి మీకు చూపిస్తుంది. మీకు ఇష్టమైన సైట్లు ఇరవై ఉంటే ఇరవై చోట్లకూ అదే తిరుగుతుంది.

ఆర్‌ఎస్‌ఎస్ అని ఒకటి, ఆటమ్ అని ఒకటి కనిపిస్తున్నాయి. ఏది తీసుకోవాలి?

ఏదైనా ఫరవాలేదు, రెండూ ఫీడ్ ఫైలును రాసే పద్ధతులే. ఆర్‌ఎస్‌ఎస్ 1999లో, అప్పట్లో బ్రౌజర్ తయారుచేసే నెట్‌స్కేప్ కంపెనీలో పుట్టింది. దాన్ని తయారుచేసినవారిలో మద్రాసు ఐఐటీలో చదువుకున్న రామనాథన్ గుహ ఒకరు. 2002లో వచ్చిన 2.0 రూపమే ఇప్పటికీ ఎక్కువ సైట్లలో ఉంది. దాని నియమాలు స్పష్టంగా లేవనుకున్నవాళ్లు ఆటమ్‌ను తయారుచేశారు, 2005లో అదీ ప్రమాణమైంది. మామూలు రీడర్లు రెండిటినీ చదువుతాయి. ఒక సైట్లో రెండూ కనిపిస్తే మాత్రం ఒక్కటే పెట్టుకోండి, లేకపోతే ప్రతి వ్యాసం రెండుసార్లు వస్తుంది.

గూగుల్ రీడర్‌తోనే ఇదంతా పోయిందన్నారు కదా?

గూగుల్ వాళ్ల ఫీడ్ రీడరే గూగుల్ రీడర్. అది 2005లో వచ్చింది, 2013 జూలై 1న మూతపడింది. ఫైర్‌ఫాక్స్ కూడా 2018 డిసెంబరులో తన బ్రౌజర్‌లోంచి ఫీడ్లు చదివే సదుపాయం తీసేసింది. దాంతో ఈ మాట బాగా పాకింది. కానీ ఫీడ్లు ఏ ఒక్క కంపెనీవీ కావు కాబట్టి అవి ఎక్కడివక్కడే ఉన్నాయి. వర్డ్‌ప్రెస్‌తో కట్టిన సైటు ఏదైనా, యజమానికి తెలిసినా తెలియకపోయినా, తనంతట తనే ఫీడ్ తయారుచేస్తూ ఉంటుంది. మీరు వినే పాడ్‌కాస్టులు కూడా చాలావరకు ఫీడ్ల మీదే నడుస్తాయి. తెలుగు బ్లాగుల రోజులు గుర్తున్నవాళ్లు కూడలి, జల్లెడ, హారం, మాలిక పేర్లు మర్చిపోయి ఉండరు. ఎవరెవరో రాసిన టపాలు అక్కడ ఒక్కచోట కనిపించాయంటే ఈ ఫీడ్ల వల్లే.

వాట్సాప్ గ్రూపులు, సోషల్ మీడియా ఉండగా మళ్లీ ఇదెందుకు?

మా ఇంట్లో జరిగింది చెబుతాను. మా తమ్ముడి కూతురి అడ్మిషన్ కోసం ఒక కాలేజీవాళ్ల సోషల్ మీడియా పేజీని అందరం ఫాలో అయ్యాం. సర్టిఫికెట్ల పరిశీలన తేదీని వాళ్లు ముందుకు జరిపారు, ఆ సంగతి పేజీలో పెట్టారు కూడా. మాకు అది కనిపించింది నాలుగు రోజుల తర్వాత, ఎవరిదో పుట్టినరోజు ఫొటో కింద. అప్పటికే తేదీ దాటిపోయింది. వాళ్ల వెబ్‌సైట్లో అదే నోటీసు మొదటి రోజు నుంచీ ఉంది. మేం చూడలేదు, అంతే.

సోషల్ మీడియాలో మీరు ఏం చూడాలో, ఏ వరసలో చూడాలో ఆ కంపెనీ లెక్కలు తేలుస్తాయి. ఫీడ్‌లో అలాంటి లెక్క ఉండదు. సైట్లో పెట్టింది పెట్టిన వరసలో వస్తుంది, రీడర్ ఒకసారి తెచ్చిందంటే మామూలుగా మీరు చదివేదాకా ఉంటుంది. లైకులు రాలేదని ఏదీ కిందకి పోదు.

అలాగని అన్నిటికీ ఫీడే అనను. మా వీధిలో కరెంటు ఎప్పుడొస్తుందో ఏ ఫీడూ చెప్పదు, అపార్ట్‌మెంట్ గ్రూపులోనే తెలుస్తుంది. కబుర్లు, వాదనలు కావాలన్నా ఇది చోటు కాదు. ఇది చదువుకునేవాళ్లకి.

డబ్బులు కట్టాలా? ఈమెయిల్ ఇవ్వాలా?

ఫీడ్‌కు డబ్బులు అక్కర్లేదు, సైటుకు మీ ఈమెయిల్ కూడా ఇవ్వక్కర్లేదు. కొన్ని రీడర్లు మాత్రం ఖాతా తెరవమంటాయి. విసుగొస్తే మీ జాబితాలోంచి ఆ సైటును తీసేస్తే సరిపోతుంది. "మమ్మల్ని ఎందుకు వదిలి వెళ్తున్నారు?" అని అడిగేవాళ్లుండరు.

## ఫీడ్ వెతుక్కోవడం

సైట్లో ఆ నారింజ రంగు గుర్తు ఎక్కడా లేదు. ఫీడ్ లేనట్టేనా?

చాలాసార్లు ఉంటుంది. ఒక చుక్క, దాని మీద రెండు వంపు గీతలు ఉండే ఆ గుర్తు మొదట ఫైర్‌ఫాక్స్‌లో వచ్చింది, 2005 చివర్లో మైక్రోసాఫ్ట్ కూడా దాన్నే తీసుకుంది. ఇప్పుడు సైట్లు డిజైన్ చేసేవాళ్లు ఆ గుర్తును తీసేస్తున్నారు, ఫీడ్ మాత్రం లోపల అలాగే ఉంటోంది.

ముందుగా సైటు చిరునామాను కాపీ చేసి రీడర్‌లో వెతికే పెట్టెలో అతికించండి. పేజీ లోపల దాగి ఉన్న ఫీడ్ లింకును చాలావరకు అదే పట్టుకుంటుంది. దొరక్కపోతే ఊహించాలి. వర్డ్‌ప్రెస్ సైటు అయితే చిరునామా చివర స్లాష్ పెట్టి ఇంగ్లీషులో ఫీడ్ అని రాయండి, ఎఫ్, ఈ, ఈ, డి. బ్లాగర్‌లో ఉన్న బ్లాగు అయితే స్లాష్ ఫీడ్స్, స్లాష్ పోస్ట్స్, స్లాష్ డీఫాల్ట్. తెలుగు బ్లాగులకి, వెబ్ పత్రికలకి ఎక్కువగా ఈ రెండిట్లో ఏదో ఒకటి పనిచేస్తుంది. అప్పటికీ రాకపోతే కంప్యూటర్లో ఆ పేజీ సోర్స్ (పేజీ వెనక ఉండే కోడ్) తెరిచి, ఇంగ్లీషులో ఆర్‌ఎస్‌ఎస్ అని ఒకసారి, ఆటమ్ అని ఒకసారి వెతకండి.

మొత్తం సైటు వద్దు, అందులో ఒక్క విభాగమే కావాలి. కుదురుతుందా?

వర్డ్‌ప్రెస్‌లో సులువు. ఆ విభాగం పేజీకో, ఆ రచయిత పేజీకో వెళ్లి, దాని చిరునామా చివర స్లాష్ ఫీడ్ చేర్చండి. కథలు మాత్రమే, ఒక్కరి వ్యాసాలు మాత్రమే అలా తెచ్చుకోవచ్చు. కొన్ని పత్రికలు విభాగాలవారీగా ఫీడ్లు ఇస్తాయి. ది హిందూకి విజయవాడ వార్తల కోసమే ఒక ఫీడ్ ఉంది. తెలుగు వికీపీడియాలో ఒక్కో వ్యాసానికి కూడా ఫీడ్ ఉంటుంది. మన ఊరి వ్యాసం చరిత్ర పేజీకి వెళ్లి ఆటమ్ లింకు తీసుకుంటే, అందులో ఎవరు ఏం మార్చినా మీకు తెలుస్తుంది.

యూట్యూబ్ ఛానల్‌ని పెట్టుకోవచ్చా?

పెట్టుకోవచ్చు. ఛానల్ పేజీ చిరునామాను రీడర్‌లో అతికిస్తే చాలావాటిలో సరిపోతుంది. చివరి 15 వీడియోల జాబితా వస్తుంది. గంట గుర్తు నొక్కక్కర్లేదు, ఖాతా కూడా అక్కర్లేదు. పక్కన వరసగా వేరే వీడియోలు కనిపించవు కాబట్టి వంట వీడియో ఒకటి చూద్దామని కూర్చుని రాత్రి ఒంటిగంటకు లేవడం తగ్గుతుంది.

ప్రభుత్వ సైట్లకు, పరీక్షల నోటిఫికేషన్లకు ఫీడ్లు ఉంటాయా?

కొన్నిటికి ఉన్నాయి. రిజర్వు బ్యాంకు తన నోటిఫికేషన్లకు ఒకటి, పత్రికా ప్రకటనలకు ఒకటి విడివిడిగా ఇస్తుంది. సెబీకి, ప్రెస్ ఇన్‌ఫర్మేషన్ బ్యూరోకి కూడా ఉన్నాయి. ఇక నోటీసులను పీడీఎఫ్‌లుగా ఒకదాని కింద ఒకటి వేలాడదీసే సైట్లు కోకొల్లలు, వాటిలో ఫీడ్ వెతికితే టైము వృథా.

అలాంటి చోట పేజీ మారిందా లేదా అని కాపలా కాసే సేవలు వాడండి. డిస్టిల్, విజువల్‌పింగ్ అనేవి అలాంటివే. ఒక్క జాగ్రత్త. పేజీ మొత్తాన్ని కాపలాకి పెడితే కింద ఉండే సందర్శకుల సంఖ్య మారినా, పైన తేదీ మారినా "మారింది, మారింది" అని కబురొస్తుంది. నోటీసులుండే గడి వరకే ఎంచుకోండి. గ్రూప్-2కి చదువుతున్న కుర్రాడొకడు ఈ సంగతి తెలియక ఒక్క రోజులో నలభై కబుర్లు చూసి, చిరాకొచ్చి మొత్తం తీసేశాడు.

మిర్చి యార్డు ధరలు ఫీడ్‌లో వస్తాయా?

కొత్తపేటలో కమీషన్ వ్యాపారం చేసే మిత్రుడి ప్రశ్న ఇది. రోజువారీ ధరల పట్టికను ఫీడ్‌లో ఇచ్చే చోటు నాకు దొరకలేదు, దానికి యార్డుకి ఫోన్ చేయడమే నయం. ధరల గురించిన వార్తలు కావాలంటే మాత్రం దారుంది. గూగుల్ అలర్ట్స్‌లో "గుంటూరు మిర్చి" అని రాసి, ఎక్కడికి పంపాలి అన్నచోట ఈమెయిల్ బదులు ఆర్‌ఎస్‌ఎస్ ఫీడ్ అని ఎంచుకోండి. దీనికి గూగుల్ ఖాతా కావాలి. ఆ మాటలతో వచ్చిన వార్తలు మీ రీడర్‌లో పడుతుంటాయి. మిర్చి అని ఒకటి, మిరప అని ఒకటి, ఇంగ్లీషులో ఒకటి, మూడు పెట్టండి. ఒక్కొక్క పత్రిక ఒక్కోలా రాస్తుంది.

ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, ఎక్స్ పేజీలు?

అవి ఫీడ్లు ఇవ్వవు. ఎక్స్ ట్విటర్‌గా ఉన్న రోజుల్లో ఇచ్చేది, 2013లో ఆపేసింది. మధ్యలో ఉండి ఫీడ్ తయారుచేసి ఇస్తామనే సేవలున్నాయి, రెండు నెలలు పనిచేస్తాయి, మూడో నెల ఆగిపోతాయి. వాటికోసం నేను పాడుచేసుకున్న ఆదివారాలు చాలు, మీవి మిగుల్చుకోండి. రెడిట్, మాస్టోడాన్‌లలో మాత్రం పేజీ చిరునామా చివర చుక్క పెట్టి ఆర్‌ఎస్‌ఎస్ అని చేరిస్తే ఫీడ్ వస్తుంది.

## రీడర్ ఎంచుకోవడం

ఏ రీడర్ మంచిది? ఒక్కటే పేరు చెప్పండి.

ఒక్కటే అంటే కష్టం, రెండు రకాలున్నాయి. ఫీడ్‌లీ, ఇనోరీడర్, ది ఓల్డ్ రీడర్ లాంటివాటిలో ఖాతా తెరవాలి. ఫీడ్లు తెచ్చే పని వాళ్ల కంప్యూటర్లు చేస్తాయి. ఫోన్లో చదివింది కంప్యూటర్లో కూడా చదివినట్టే కనిపిస్తుంది. రెండో రకం మీ దగ్గరే ఉండేవి. ఆండ్రాయిడ్‌లో ఫీడర్, ఐఫోన్‌లో నెట్‌న్యూస్‌వైర్, కంప్యూటర్లో థండర్‌బర్డ్ అలాంటివి. మీరేం చదువుతున్నారో మూడో మనిషికి తెలియదు.

ఎంచుకునే ముందు ఒకటి తెలుసుకోండి. ఫీడ్‌లో సైటు పుట్టినప్పటి నుంచీ వచ్చినవన్నీ ఉండవు, చివరివి కొన్నే ఉంటాయి. వర్డ్‌ప్రెస్‌లో మామూలుగా 10, బ్లాగర్‌లో 25. రోజుకు ముప్పై వార్తలు పెట్టే సైటును మీ ఫోన్లో ఉన్న రీడర్ రెండు రోజులు చూడకపోతే మధ్యలోవి జారిపోతాయి. ఖాతా ఉన్న రీడర్‌లో ఆ గొడవ లేదు, మీరు పెళ్లిళ్లకు తిరుగుతున్నా అది తెచ్చి దాస్తూనే ఉంటుంది. అందుకని వార్తలు ఎక్కువ చదివేవాళ్లకు మొదటి రకం, బ్లాగులు, వెబ్ పత్రికలు చదివేవాళ్లకు రెండో రకం చెబుతుంటాను. నేను వాడేది రెండోదే.

ఫోన్ మారిస్తే నా జాబితా పోతుందా?

దాచుకోకపోతే పోతుంది. దాదాపు ప్రతి రీడర్‌లోనూ ఎక్స్‌పోర్ట్ అని ఉంటుంది, అది నొక్కితే ఓపీఎంఎల్ అనే చిన్న ఫైలు వస్తుంది. మీ ఫీడ్లన్నిటి చిరునామాలు అందులో ఉంటాయి. కొత్త రీడర్‌లో ఇంపోర్ట్ చేస్తే, కంపెనీ వేరైనా సరే, అన్నీ వచ్చేస్తాయి. ఆ ఫైలును మీకు మీరే ఈమెయిల్ చేసుకోండి. మా బావగారు ఫోన్ రీసెట్ చేయించుకుని, ఆరేళ్లుగా పోగుచేసిన జాబితాను గుర్తున్నంతవరకు కాగితం మీద రాసుకుంటూ కూర్చున్నారు. పదకొండు గుర్తొచ్చాయి.

## రోజూ వాడేటప్పుడు

ఎన్ని ఫీడ్లు పెట్టుకోవాలి?

పదితో మొదలుపెట్టండి. అందులో దినపత్రిక ఒకటి మించకూడదు, అదీ వేరే ఫోల్డర్‌లో. మొదట్లో నేను నాలుగు పత్రికల ముఖ్య ఫీడ్లు చేర్చాను. వారం తిరిగేసరికి తొమ్మిది వందలు చదవనివి పేరుకున్నాయి. ఆ గుట్టలో నాకు నిజంగా కావలసిన మనిషి రాసిన వ్యాసం ఎక్కడుందో కూడా కనిపించలేదు.

రోజూ రాసే సైటు ఎలాగూ మీకు గుర్తుంటుంది, మీరే వెళ్లి చూస్తారు. నాలుగు నెలలకోసారి రాసేవాళ్లు ఉంటారే, వాళ్ల కోసం ఫీడ్. పాత శాసనాల గురించి అప్పుడప్పుడూ రాసే ఒకాయన బ్లాగు నా జాబితాలో ఉంది. ఒకసారి ఏడాదిన్నర పాటు ఏమీ లేదు. ఒకరోజు పొద్దున ఆయన పేరు పక్కన 1 అని కనిపించింది. ఏడాదిన్నర పాటు రోజూ ఆ బ్లాగు తెరిచి చూసే ఓపిక ఎవరికుంటుంది చెప్పండి?

చదవనివి 700 అయ్యాయి. చూస్తేనే టెన్షన్ వస్తోంది.

అన్నీ చదివినట్టు గుర్తుపెట్టు అనే బటన్ ఉంటుంది, నొక్కేయండి. నిన్నటి పేపరు చదవలేదని ఎవరికీ సంజాయిషీ ఇచ్చుకోం కదా. చాలా రీడర్లలో ఆ సంఖ్య కనిపించకుండా దాచే సెట్టింగు కూడా ఉంది. నెలకోసారి జాబితా తిరగేసి, మూడుసార్లు వరసగా చదవకుండా దాటేసిన ఫీడ్‌ను తీసేయండి.

సైట్లో పెట్టిన వెంటనే నాకు వస్తుందా?

సాధారణంగా కొంత ఆలస్యం ఉంటుంది. రీడర్ కొంతసేపటికోసారి వెళ్లి "మొన్న చూసిన తర్వాత ఏమైనా మారిందా?" అని అడుగుతుంది. మారకపోతే సైటు ఫైలు పంపకుండా "లేదు" అని ఒక్క మాటతో సరిపెడుతుంది, అందుకే డేటా పెద్దగా ఖర్చవదు. ఈ అడగడం పావుగంటకోసారా, రోజుకోసారా అన్నది రీడర్‌ను బట్టి, మీ సెట్టింగును బట్టి ఉంటుంది. బ్యాటరీ పొదుపు కోసం ఆండ్రాయిడ్ ఫోన్లు వెనకాల నడిచే యాప్‌లను ఆపేస్తుంటాయి, ఆ యాప్‌కు మినహాయింపు ఇవ్వండి. తత్కాల్ టికెట్లలా నిమిషాల మీద నడిచే పనులకు మాత్రం ఫీడ్‌ను నమ్ముకోవద్దు.

నెట్ లేనప్పుడు చదవొచ్చా?

సైటు తన ఫీడ్‌లో పూర్తి వ్యాసం ఇస్తుంటే చదవొచ్చు. బయలుదేరే ముందు ఇంట్లో వైఫై మీద ఒకసారి రిఫ్రెష్ చేయండి. బొమ్మలు రాకపోవచ్చు, అక్షరాలు ఉంటాయి. బండి కృష్ణా కెనాల్ దగ్గర లైను కోసం ఆగిన ఇరవై నిమిషాల్లో నేను చదివినన్ని కథలు ఇంట్లో చదవలేదు.

## తేడా వచ్చినప్పుడు

ఫీడ్ లింకు నొక్కితే ఏదో పిచ్చి కోడ్ వచ్చింది. వైరస్సా?

కాదు. ఫీడ్ ఉండాల్సింది అలాగే. అది మనిషి చదవడానికి కాదు, రీడర్ చదవడానికి రాసిన ఎక్స్‌ఎంఎల్ ఫైలు. పైన బార్‌లో ఉన్న చిరునామాను కాపీ చేసి రీడర్‌లో అతికించండి. అన్నిటికంటే ఎక్కువసార్లు వచ్చిన ప్రశ్న ఇదే. సగం మంది ఇక్కడే భయపడి వెనక్కి వెళ్లిపోతారు.

వ్యాసం నాలుగు లైన్లే వచ్చి ఆగిపోతోంది.

అది సైటు యజమాని నిర్ణయం. ప్రకటనలు సైట్లో కనిపిస్తేనే ఆదాయం కాబట్టి పత్రికలు అలా చేస్తాయి. కొన్ని రీడర్లలో పూర్తి వ్యాసం తెచ్చే బటన్ ఉంటుంది, అది లేకపోతే లింకు నొక్కి సైట్లోనే చదవాలి.

తెలుగు బదులు డబ్బాలు కనిపిస్తున్నాయి.

ఖాళీ డబ్బాలైతే మీ యంత్రంలో తెలుగు ఫాంటు లేదు, ఒకటి వేసుకోండి. ఈమధ్య వచ్చిన ఫోన్లలో ఈ సమస్య అరుదు. డబ్బాలు కాకుండా ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు కలగాపులగంగా వస్తే తప్పు సైటుది, తన ఫైలు యూటీఎఫ్-8 అనే అక్షరాల కోడింగ్ పద్ధతిలో ఉందని అది సరిగ్గా చెప్పడం లేదు. అన్ని భాషల అక్షరాలకూ ఒకే పద్ధతిగా యూనికోడ్ స్థిరపడకముందు తెలుగు పత్రికల సైట్లు ఎవరి ఫాంటు వాళ్లు వాడేవి. వాటిని చదవడానికి ఫైర్‌ఫాక్స్‌లో పద్మ అనే పొడిగింపు వేసుకునేవాళ్లం. ఆ కాలపు పాత పేజీలు ఇప్పటికీ అక్కడక్కడా తగులుతాయి.

ఒక ఫీడ్‌లో నెల్లాళ్లుగా ఏమీ రావడం లేదు.

ముందు బ్రౌజర్‌లో ఆ సైటు తెరిచి చూడండి. అక్కడా కొత్తది లేకపోతే వాళ్లే రాయడం లేదు, మీ రీడర్‌ను తిట్టుకోకండి. కొత్తవి ఉంటే ఫీడ్ చిరునామా మారి ఉంటుంది. పాతది తీసేసి, సైటు చిరునామాతో మళ్లీ చేర్చండి. కొన్ని సైట్లు రోబోలను అడ్డుకునే కాపలా పెట్టుకుని, రీడర్లను కూడా గేటు దగ్గరే ఆపేస్తాయి. అప్పుడు సైటువాళ్లకు ఒక మెయిల్ రాయండి. చాలామందికి ఆ సంగతి తెలియనే తెలియదు.

## సొంత బ్లాగు ఉన్నవాళ్లకు

నా బ్లాగు ఫీడ్‌లో పూర్తి వ్యాసం ఇవ్వాలా, ముక్కే ఇవ్వాలా?

పూర్తిగా ఇవ్వండి. వర్డ్‌ప్రెస్‌లో సెట్టింగ్స్‌లో రీడింగ్ దగ్గర, బ్లాగర్‌లో సైట్ ఫీడ్ దగ్గర ఈ ఎంపిక ఉంటుంది. పూర్తిగా ఇస్తే ఎవరైనా ఎత్తుకుపోతారని భయం. ఎత్తుకుపోయేవాళ్లు సైటు నుంచి కూడా ఎత్తుకుపోతారు. ముక్క ఇవ్వడం వల్ల ఇబ్బంది పడేది మీ పాఠకుడే.

బ్లాగు చిరునామా మారుస్తున్నాను. ఫీడ్‌లో చదివేవాళ్లు జారిపోతారా?

పాత చిరునామా మీ చేతిలోనే ఉంటే, అక్కడికి వచ్చినవాళ్లను కొత్తదానికి శాశ్వతంగా మళ్లించే ఏర్పాటు చేయండి, చాలా రీడర్లు దాన్ని అనుసరిస్తాయి. అది కుదరకపోతే పాత బ్లాగులో "ఇకనుంచి ఇక్కడ రాస్తున్నాను" అని కొత్త చిరునామాతో చివరి టపా ఒకటి పెట్టండి, అది ఫీడ్‌లో అందరికీ చేరుతుంది. ఆ వారమే పాత బ్లాగును తీసేయకండి. రీడర్ రోజూ తెరవనివాళ్లూ ఉంటారు కాబట్టి కనీసం ఆరు నెలలు ఉంచండి.